తెర మూలన సున్నా

కుళాయి నీళ్ళు ఇక నేరుగా తాగవచ్చు, మరగబెట్టాల్సిన పని లేదు, అని ఆమె టీవీలో చెబుతోంది. అలా చెబుతున్న మనిషి అదే క్షణాన తన ఇంట్లో నేల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. టీవీ తెర పైన ఎర్రటి అక్షరాలతో ‘ప్రత్యక్ష ప్రసారం’ అని ఉంది.

కత్తి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఆమె చేసేది సైగల వార్తలు. తెర నిండా యాంకరు కూర్చుని నోటితో చెప్పే వార్తను, కింద మూలన ఒక గుండ్రటి గడిలో నిలబడి, వినపడనివాళ్ళ కోసం చేతులతో చెప్పేది. గుండ్రంలో ఉంటుంది కాబట్టి ఛానెల్లో అందరూ ఆమెను సున్నా మేడమ్ అనేవాళ్ళు. చిరాకొస్తే మేడమ్ ఎగిరిపోయి వట్టి సున్నా మిగిలేది. కిందటి నెల న్యూస్ హెడ్ పిలిచి, స్టూడియోకి మరమ్మతులు, కొన్నాళ్ళు రానక్కర్లేదు, మేమే కబురు పెడతాం అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో టీవీ పెట్టలేదు. టీవీ చేసిన తప్పేమీ లేదు. కానీ అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం అందరూ చేసే పనే.

ఈ సాయంత్రం టీవీ పెట్టింది నాన్న. ఆయనకు పుట్టుకతోనే వినపడదు. చెక్క సామానుకు పాలిష్ వేసి వేసి వేళ్ళకు గోధుమ రంగు శాశ్వతంగా పట్టేసింది. ఆ ఇంట్లో మాటలన్నీ చేతులతోనే. కిటికీలోంచి చూస్తే వీధిలో జనం క్యాన్లూ బకెట్లూ పట్టుకుని ఒకే వైపు పరుగెడుతున్నారు. మధ్యాహ్నం మైకు బండి ఏదో చెప్పుకుంటూ తిరిగిందట. ఆ సమయానికి ఆమె కొత్త పని వెతుక్కుంటూ బయటికి వెళ్ళింది. జనం ఎందుకు పరుగెడుతున్నారో చూద్దామని ఆయన ఆరు గంటల వార్తలు పెట్టాడు. మూలన కూతురు కనబడింది. కూతురి చేతులు చెప్పింది చూశాడు. కుళాయి కింద పట్టిన గ్లాసు ఎత్తాడు.

యాంకరు నోరు మాత్రం వేరే చెబుతోంది. “తూర్పు కాలనీల కుళాయి నీళ్ళలో ఫ్యాక్టరీ రసాయనం కలిసింది. మరగబెట్టినా సరే, ఆ నీళ్ళు ఎవరూ తాగకూడదు.”

ఆమె లేవలేదు, ఎగిరింది. గ్లాసు వెళ్ళి గోడకు తగిలింది.

“పిచ్చి పట్టిందా నీకు?” అన్నాడు నాన్న, తడిసిన చొక్కా దులుపుకుంటూ.

“నీళ్ళలో విషం కలిసింది నాన్నా. తాగకు.”

“ఇప్పుడేగా తాగమన్నావు.” ఆయన టీవీ వైపు చూపించాడు, తర్వాత ఆమె వైపు. అక్కడే ఆయన వేలు గాలిలో ఆగిపోయింది. “నువ్వు ఇక్కడుంటే, అక్కడెవరు?”

“అక్కడా నేనే. పాత నేను.”

ఎప్పుడో కొత్త నీళ్ళ ట్యాంకు ప్రారంభం చేసినప్పటి వార్త అది. ఆ రోజు ఆ గుండ్రంలో నిలబడి ఆమె చెప్పిన మాటలే, ఈ రోజు విషం వార్త పక్కన అతికించారు. అతుకు కనబడదు. సైగలు చెప్పేవాళ్ళు ఎప్పుడూ చేతులు స్పష్టంగా కనబడేలా నల్ల చొక్కానే వేసుకోవాలి, జుట్టు ఒకే తీరుగా వెనక్కి కట్టుకోవాలి, గాజులు పెట్టుకోకూడదు. ఏ రోజు చూసినా ఒకే మనిషి, ఒకే బట్ట. పని శుభ్రంగా చేయడం కోసం పెట్టుకున్న పద్ధతే దొంగకు నిచ్చెన వేసినట్టయింది.

తెర అడుగున అక్షరాలు పరుగెడుతున్నాయి నిజమే. కానీ అవి రైలు పెట్టెల్లా పరుగెడతాయి. నాన్న వయసు వాళ్ళకు బడిలో చదువు చెప్పినవాడెవడు? వెనక బెంచీలో కూర్చోబెట్టి బొమ్మలు వేసుకోమన్నారు. వాళ్ళకు వార్తంటే ఆ మూలనున్న చేతులే.

ఆమె ఫోను తీసి గోడకు ఆనించి, చేతులతో చెప్పింది. టీవీలో చూసింది నమ్మొద్దు, కుళాయి నీళ్ళు ముట్టొద్దు, తెలిసినవాళ్ళందరికీ చెప్పండి. ఊళ్ళో వినపడనివాళ్ళందరూ ఉన్న గ్రూపులో ఆ వీడియో పెట్టేసింది. ఒక్కొక్కరే చూస్తున్నట్టు గుర్తులు పడుతున్నాయి. బీరువా మామ పేరు పక్కన మాత్రం గుర్తు పడలేదు.

*

బీరువా మామ నాన్నకు చిన్ననాటి స్నేహితుడు. ఇనప బీరువాలు వెల్డింగ్ చేస్తాడు, మనిషీ బీరువాలాగే ఉంటాడు. ఆయనకూ, అత్తకూ వినపడదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి మాత్రం వినపడుతుంది. ఆ కూతురిదీ ఆమె ఈడే. ఇద్దరూ చిన్నప్పుడు కలిసి తిరిగారు, డాక్టరు దగ్గరా, కిరాణా కొట్టులో, ఇంటివాడి దగ్గరా పెద్దవాళ్ళ చేతుల్ని మాటలుగా మార్చి చెబుతూ. ఆ కూతురు ఇప్పుడు బట్టల కొట్టులో పని చేస్తుంది. తన పిల్లను తాత దగ్గర వదిలి వెళ్తుంది.

తెల్లారేసరికి ఆ పిల్ల ఆస్పత్రిలో ఉంది.

ఆమె పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి బీరువా మామ వార్డు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిల్లకు వాంతులు ఆగలేదు. గొంతు లోపల పొక్కింది. గొట్టం పెట్టారు.

“మామా, నేను వీడియో పెట్టాను, చూడలేదా?”

“చూశాను. పిల్ల నీళ్ళు తాగాక చూశాను.” ఆయన చేతులు గాలిని నరుకుతున్నట్టు కదిలాయి. “టీవీలో తాగమన్నావు. ఇంటికెళ్ళి తాగొద్దన్నావు. అంటే నీకు నిజం తెలుసు. తెలిసే అక్కడ అబద్ధం చెప్పావు.”

“అది నేను కాదు మామా, పాత ముక్క. నన్ను మాన్పించి నెల దాటింది.”

“మొహం నీది. చొక్కా నీది. చేతులు నీవి. పైన ప్రత్యక్షం అని రాసుంది, ఆ ఒక్క మాట చదవడం నాకొచ్చు.”

“నాన్నను అడుగు. ఆ సమయానికి ఆయన పక్కనే ఉన్నాను.”

“కన్నతండ్రి ఇంకెలా చెబుతాడు?”

నర్సు వచ్చి, ఇక్కడ గొడవ చేయొద్దు అంది. అక్కడ ఒక్క శబ్దం కూడా లేదు. అయినా ఆ నర్సు తప్పేమీ అనలేదు. అంత గొడవ ఆ వార్డులో ఎప్పుడూ జరిగి ఉండదు.

ఆమె మళ్ళీ చేతులెత్తింది. బీరువా మామ కళ్ళు మూసుకున్నాడు.

వినపడేవాళ్ళు చెవులు మూసుకున్నా ఎంతో కొంత మాట దూరుతుంది. వినపడనివాడు కళ్ళు మూసుకుంటే ఇక తలుపు లేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. విదిలించుకుని, కళ్ళు మూసుకునే గోడ వైపు తిరిగాడు.

సాయంత్రానికి గ్రూపులోంచి ఆమెను తీసేశారు. వినపడనివాళ్ళ సంఘం గదిలో ఆమె అడుగు పెట్టగానే కబుర్లాడుతున్న చేతులన్నీ దిగిపోయాయి. ఆ గదిలోనే ఆమె నడక నేర్చుకుంది. నోటితో మాట్లాడ్డం రాకముందే చేతులతో అన్నం అడిగింది అక్కడే. వాళ్ళు కాదంటే ఆమెకు మరో చుట్టం లేదు, మరో ఊరు లేదు. ఉద్యోగం పోయినప్పుడు ఏడవలేదు గానీ, ఆ మెట్లు దిగుతూ ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని నేరుగా ఛానెల్‌కి వెళ్ళింది.

*

ఎడిటింగ్ గదిలో కత్తెర ఉన్నాడు. నడివయసు మనిషి, ముక్కలు కోయడంలో మొనగాడని ఆ పేరు. ఆమెను చూడగానే ముఖం పాలిపోయింది.

“చెల్లెమ్మా, నామీద అరవకు. పైనుంచి చెప్పారు, చేశాను.”

“ఏం చెప్పారు?”

“మూల ఖాళీగా ఉండకూడదు, చేతులు కదుల్తూ ఉండాలి అన్నారు. నీ పాతవన్నీ విషయాల వారీగా పెట్టుకున్నాను. వానలొక చోట, పరీక్షలొక చోట, సన్మానాలొక చోట. వాన వార్తొస్తే వాన ముక్క వేస్తాను. ఏదో ఒకటి వేస్తే వాళ్ళకి అన్యాయం కదా అని, నా మటుకు నేను పద్ధతిగానే చేశాను.”

“నిన్న నీళ్ళ వార్తకి నీళ్ళ ముక్క వేశావు.”

“అవును. నీళ్ళకి నీళ్ళు.” అతనికి ఇంకా అర్థం కాలేదు. ఆ ముక్కలో తన చేతులు ఏం చెప్పాయో ఆమె చెప్పింది. ఎవరి పిల్ల ఏ ఆస్పత్రిలో ఉందో చెప్పింది. కత్తెర కుర్చీలో కూలబడ్డాడు. “నాకా భాష రాదు చెల్లెమ్మా,” అన్నాడు.

“ఈ బిల్డింగ్‌లో ఎవరికొచ్చు?”

న్యూస్ హెడ్ గది చల్లగా ఉంది. అంతా విని, ఆయన టిష్యూతో కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“ప్రాక్టికల్‌గా ఆలోచించండి మేడమ్. రూల్ ఏమంటుంది? ఆరు గంటల వార్తల్లో సైగలుండాలి అంటుంది. ఉన్నాయి. అవి ఆ రోజువే అయ్యుండాలని ఎక్కడుంది?”

“సార్, ఒక పిల్ల ఆస్పత్రిలో ఉంది.”

“బాధాకరమే. కానీ టీవీ చూసి నీళ్ళు తాగుతారా ఎవరైనా? ఇన్నాళ్ళుగా వేస్తున్నాం, ఒక్క ఫిర్యాదు రాలేదే.”

“ఫిర్యాదు ఎలా చెయ్యాలి సార్?”

“అదేంటి, రోజూ తెర మీద వేస్తాంగా. ఫోన్ నంబరు.”

అన్నాక కూడా ఆయనకు తానేమన్నాడో తట్టలేదు. కోపం ఒక హద్దు దాటితే నవ్వొస్తుందంటారు, ఆమెకు అదీ రాలేదు.

“ఆ ముక్కలు పాతవని వార్తల్లో చెప్పండి. రెండు నిమిషాలు. నేనే చేతులతో చెబుతాను.”

“అలా చెబితే మిగతావి కూడా జనం నమ్మరు. మేడమ్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి రోజూ ఒక మనిషిని పెట్టుకోవడం అవసరమా?” ఆయన తన మాటకు తానే నవ్వుకున్నాడు. “బయట ఎక్కడైనా నోరు జారితే మాత్రం లీగల్ వాళ్ళు చూసుకుంటారు. ఒప్పందం మీద సంతకం ఉంది కదా.”

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగింది. ఏమైనా అంటే కేసు, అనకపోతే దోషి. నోరూ చేతులూ రెండూ ఉండి, రెండూ కట్టేసినట్టయింది.

*

పిల్ల కోలుకుంది. ఇంటికి తెచ్చారని నాన్న ఎవరి ద్వారానో తెలుసుకొచ్చాడు. బీరువా మామ ముఖం చూపించలేదు.

అప్పుడొచ్చింది న్యూస్ హెడ్ ఫోను. గొంతులో తేనె కారుతోంది.

“మేడమ్, శుభవార్త. మన ఛానెల్‌కి ‘అందరి తెర’ పురస్కారం వచ్చింది. అన్ని రకాల మనుషులకూ చోటిచ్చినందుకు. పెద్ద హాల్లో సభ, లైవ్ ఇస్తున్నాం. వేదిక మీద సైగలకి మీరుండాలి. చేతులు లేకపోతే బాగోదు కదా. అయిపోగానే మీ డ్యూటీ మీకిచ్చేస్తాను.”

ఆమె ఒప్పుకుందో లేదో వినకుండానే ఆయన కొనసాగించాడు.

“ఇంకోటి. మీవాళ్ళలో ఒకాయన్ని తీసుకురండి. పెద్దమనిషిలా కనబడాలి, చొక్కా గిక్కా ఇస్త్రీ ఉండాలి. వేదిక మీద రెండు ముక్కలు చేతులతో థాంక్స్ చెబితే, మీరు మైకులో చెప్పేయండి. జనం కళ్ళు చెమ్మగిల్లుతాయి.”

మైకులో చెప్పేయండి. ఆ మాట దగ్గర ఆమె ఆలోచన ఆగింది. ఇన్నాళ్ళూ ఆ ఛానెల్లో ఆమె పని ఒకే దిక్కుగా సాగింది. వినపడేవాళ్ళు చెబుతారు, ఆమె చేతులతో చూపిస్తుంది. ఎదురు దిక్కున ఒక్క మాట కూడా రాలేదు. రానివ్వలేదని కాదు, వస్తుందని ఎవరికీ తోచలేదు.

“తీసుకొస్తాను సార్,” అంది.

బట్టల కొట్టు ముందు బీరువా మామ కూతురి కోసం కాచుకుంది. అది బయటికొచ్చి, చూసి, ముఖం తిప్పుకుని నడిచింది.

“ఆగవే. తిట్టాలంటే తిట్టు, ఆగి తిట్టు.”

“నిన్ను తిట్టడానికి నాకు టైం లేదు. పిల్లకి గంజి కాచాలి.”

“మీ నాన్నని వేదిక ఎక్కిస్తాను. లైవ్‌లో. ఏం చెప్పాలనుకుంటే అది చెప్పమను. నేను నోటితో చెబుతాను.”

“మా నాన్న చెప్పేది నీ గురించే ఉంటుంది.”

“ఉండనీ.”

“నువ్వు మార్చేస్తావు.”

“అందుకే నువ్వు ముందు వరసలో కూర్చో. నీకు రెండు భాషలూ వచ్చు. నేను ఒక్క మాట మార్చినా అక్కడే లేచి చెప్పు. సంఘం వాళ్ళందరినీ తీసుకురా.”

అది ఆమెను ఎగాదిగా చూసింది. “నిన్ను నువ్వే లైవ్‌లో తిట్టుకుంటావా?”

“తిట్టేది మీ నాన్న. గొంతు నాది.”

“పిచ్చిదానివే నువ్వు,” అంది. ఆ గొంతులో చిన్నప్పటి చనువు ఓ రవ్వ మెరిసి ఆరిపోయింది.

*

హాలు నిండిపోయింది. వేదిక వెనక ఇంటి గోడంత తెర. లోపల జరుగుతున్నది అందులో ఛానెల్లో వస్తున్నట్టే కనబడుతోంది. ముందు వరసలో సంఘం వాళ్ళు కూర్చున్నారు. కెమెరా మాటిమాటికీ వాళ్ళ మీదికి పోయి వస్తోంది, పూలకుండీల్ని చూపించినట్టు.

న్యూస్ హెడ్ మాట్లాడాడు. అందరూ అన్నాడు, సమానం అన్నాడు, అణగారిన గొంతులు అన్నాడు. ఆమె ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు చేతుల్లో పెట్టింది. ముందు వరసలో ఒక్క ముఖం కూడా కదల్లేదు. బహుమతి ఇవ్వడానికి వచ్చిన పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

“ఇప్పుడు మా ప్రేక్షకుల్లో ఒకరు తమ కృతజ్ఞత తెలుపుకుంటారు,” అన్నాడు హెడ్.

బీరువా మామ వేదిక ఎక్కాడు. చొక్కా ఇస్త్రీ లేదు. ఆమె వైపు చూడకుండా జనం వైపు తిరిగి చేతులెత్తాడు. ఆమె మైకు అందుకుంది. గొంతు సవరించుకోలేదు.

“నేను ఇనప బీరువాలు చేస్తాను. నాకు వినపడదు. నా మనవరాలికి నా చేత్తో నేనే విషపు నీళ్ళు తాగించాను.”

చప్పట్లకు సిద్ధంగా ఉన్న చేతులు ఒళ్ళోనే ఆగిపోయాయి.

“మీ అందరికీ మైకు బండి చెప్పింది. మాకు ఎవరు చెప్పారు? ఈ ఛానెల్ చెప్పింది. తాగండి, మరగబెట్టక్కర్లేదు అని చెప్పింది. చెప్పింది ఎవరో తెలుసా? నా పక్కన నిలబడి ఇప్పుడు మీతో మాట్లాడుతోందే, ఈ అమ్మాయి.”

మొదటి వరసలో బీరువా మామ కూతురు కుర్చీ అంచుకు వచ్చింది. దాని చూపు తండ్రి చేతుల మీద, చెవి ఆమె మాటల మీద.

“ఇది మా చేతుల్లో పెరిగింది. మా అన్నం తింది. మా భాష నేర్చుకుని, ఆ భాషతోనే మమ్మల్ని అమ్ముకుంది. ఇంట్లో నిజం చెప్పి, టీవీలో అబద్ధం చెప్పింది. అబద్ధాలకోరు.”

ఆ చివరి మాటను కూడా ఆమె మింగలేదు, మెత్తన చేయలేదు. ఆయన చేతుల్లో ఎంత బరువుందో గొంతులోనూ అంతే బరువు పెట్టింది. నేను అన్న చోట నేను అంది. ఈ అమ్మాయి అన్న చోట తన వైపే వేలు చూపించుకుంది.

న్యూస్ హెడ్ ఆమె పక్కకి జరిగి, ఆమె చేతిలోని మైకు పట్టేస్తోందని గమనించకుండా, పళ్ళ మధ్యనుంచి గొణిగాడు. “ఏంటిదంతా? థాంక్స్ చెప్పాడని చెప్పి ముగించండి. ఏం చెప్పాడో ఎవడికి తెలుస్తుంది?”

వేదిక మీద వినబడిన ప్రతి మాటనూ చేతుల్లోకి తేవడం ఆమె పని. ఆమె మైకు చంకలో పెట్టుకుని, చేతులెత్తి, బీరువా మామకు చూపించింది. “ఈయన అంటున్నాడు. థాంక్స్ చెప్పాడని చెప్పి ముగించు, ఏం చెప్పాడో ఎవడికి తెలుస్తుంది అంటున్నాడు.”

బీరువా మామ ఆమెను చూశాడు. ఆస్పత్రి తర్వాత ఆయన కళ్ళు ఆమె చేతుల మీద ఆగడం అదే మొదటిసారి. కూతురి వైపు తిరిగాడు. కూతురు తల ఊపింది. “అదే అన్నాడు నాన్నా. నువ్వు అన్నవి కూడా, ఒక్కటి వదలకుండా చెప్పింది.”

హెడ్ ఎవరికో చెయ్యి ఊపాడు. మైకు చచ్చిపోయింది.

ఆమె మైకును బల్ల మీద పెట్టింది. పొట్టలోంచి గొంతు తీసింది. “మైకు ఆపేశారు. అయినా నేను చెబుతూనే ఉంటాను.” మామకు మాత్రం చేతులతో, ఆగకు, అంది.

సరిగ్గా అప్పుడే ఆరయింది. ఛానెల్లో వార్తల వేళ. వేదిక వెనక తెర మీద, కింద మూలన, ఒక సున్నా తెరుచుకుంది.

ఆరు గంటలకు మూల ఖాళీగా ఉండకూడదు కదా. ఈ రోజు అసలు మనిషి వేదిక మీదే ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. సన్మానానికి సన్మానం ముక్క పడింది. సున్నాలో ఆమె నల్ల చొక్కాలో నిలబడి చిరునవ్వుతో చెబుతోంది, ఇది మనందరికీ గర్వకారణమైన రోజు, నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆ సున్నా పక్కనే, అదే తెర మీద, ఆమె చేతులు రెండూ కిందికి వేలాడేసి, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తోంది.

ముందు వరస మొత్తం ఒకేసారి లేచింది. బీరువా మామ వెనక్కి తిరిగి తెర చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ తెర చూశాడు. వినపడేవాళ్ళకు వివరించాల్సి వచ్చేది గానీ, ఆయనకు ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. అక్కడ చేతులు కదులుతున్నాయి. ఇక్కడ కదలడం లేదు.

“పాత నువ్వు,” అన్నాయి ఆయన చేతులు, నెమ్మదిగా.

“పాత నేను,” అందామె చేతులతో, ఆ వెంటనే నోటితో.

బహుమతి తెచ్చిన పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని తెరనూ ఆమెనూ మార్చి మార్చి చూస్తున్నాడు. “అమ్మా, ఇందులో ఏది మీరు?”

“అరుస్తున్నది నేను సార్. నవ్వుతున్నదాన్ని వీళ్ళు దాచుకున్నారు.”

“సాంకేతిక లోపం,” అన్నాడు హెడ్. ఆమె దాన్నీ చేతుల్లో చూపించింది.

అప్పుడు బీరువా మామ హెడ్ వైపు తిరిగాడు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఇనుము వంచే చేతులతో ఒక పెద్ద మాట అన్నాడు. అచ్చు వేయడానికి వీల్లేని మాట. ఆమె దాన్ని హాలు చివరి వరసకు కూడా వినబడేలా చెప్పింది. పెద్దాయన పురస్కారాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఎవరో పరుగెత్తి వెళ్ళి తెర ఆర్పేశారు.

*

బయట మెట్ల మీద అందరూ గుమిగూడారు. అన్ని చేతులూ ఒకేసారి మాట్లాడుతున్నాయి. నాన్న ఆమె భుజం మీద పాలిష్ వేళ్ళు వేసి నిలబడ్డాడు. ఫోను మోగింది. కత్తెర.

“చెల్లెమ్మా, ఆ సన్మానం ముక్క అలవాటు కొద్దీ వేశాను. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.”

“నమ్మను అన్నయ్యా.”

“మంచిది. ఇంకో సంగతి. రేపట్నుంచి సున్నా తీసేస్తున్నారు. మూల కూడా ఉండదు. రూలుకి ఏదో మినహాయింపు వెతుకుతున్నారు లీగల్ వాళ్ళు.”

ఆమె ఆ మాట అందరికీ చూపించింది. ఆ తర్వాత సంఘం పెద్ద అన్నాడు, రేపు ఆరు గంటలకు ఛానెల్ గేటు ముందు అందరం నిలబడదాం, తెర మీద చోటు లేకపోతే గేటు ముందే ఉంది. నువ్వూ రావాలి, మా గొంతు నువ్వేగా, అని ఆమెను అడగలేదు. వస్తుందని లెక్కలో వేసేసుకున్నాడు. ఆమెకు అది చాలు.

బీరువా మామ మాత్రం ఇంకా ఆమె దగ్గరికి రాలేదు. రెండు మెట్లు కింద నిలబడి బూటు అంచుతో నేలను గీస్తున్నాడు. చివరికి తలెత్తాడు.

“ఆ రోజే మా ఇంటికి రావాల్సింది. వీడియో పెట్టి కూర్చోవడం కాదు.”

“అవును మామా. రావాల్సింది.”

“చివర్లో ఒక తిట్టు తిట్టాను. అది కూడా చెప్పావా, లేక పెద్దవాళ్ళున్నారని వదిలేశావా?”

ఆయన కూతురు మధ్యలోకి వచ్చింది. పిల్లకు గంజి కాచాలన్న తొందర మరిచిపోయినట్టుంది, నవ్వు ఆపుకుంటోంది. “నువ్వు ఒకటే తిట్టావు నాన్నా. తను రెండు చెప్పింది.”

“రెండా? మార్చనందిగా?”

“మార్చలేదు. నీది అయ్యాక ఇంకోటి కలిపింది.”

బీరువా మామ కనుబొమలు పైకి లేచాయి. “రెండోది ఎవరిది?”

“నాది,” అంది ఆమె.

ఆయన ఒక మెట్టు పైకెక్కి, ఆమె చేతులు బాగా కనబడే చోట నిలబడ్డాడు.

“అదేంటో నాకూ చూపించు.”

ఆమె భుజం మీది సంచీ నాన్నకు ఇచ్చి, రెండు చేతులూ ఖాళీ చేసుకుని, చూపించింది.